ఎండకెత్తిన సీసా

ఆకివీడు దగ్గర చేపల చెరువున్న ఆ పెద్దాయన మేత బస్తానైనా, పిలవకుండా వచ్చిన మనిషినైనా ఒక కన్ను మూసి చూసేవారు. నేనూ నా స్నేహితురాలూ కొల్లేటి నీటి మీద ప్రాజెక్టు చేసి, జర్మనీలో జరిగే పిల్లల సైన్సు సదస్సుకి బయల్దేరబోతున్న రోజులవి. చెరువు నీళ్ళడిగితే, మా ముదురురంగు సీసాని ఎండకెత్తి చూశారు.

"ఇది ఏ ఆఫీసుకెళ్తాదమ్మా?"

"ఆఫీసుక్కాదండీ, జర్మనీకండీ."

"మా చెరువుతో వాళ్ళకేం పనమ్మా?"

మమ్మల్ని గట్టు మీదే నిలబెట్టి, పాక వెనక్కెళ్ళి తనే నింపుకొచ్చారు.

"అక్కడికెళ్ళేదాకా మూత తియ్యకండమ్మా, పాడైపోద్ది."

జర్మనీలో అందరి ముందూ మూత తీశాం. బ్లీచింగ్ పౌడరు వాసన గుప్పుమంది. పాక వెనకాల పంచాయతీ కుళాయి ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నీళ్ళు పరీక్షించినావిడ, మీ సరస్సు నీళ్ళు నిక్షేపంలా తాగొచ్చని మెచ్చుకుంది.

మరుసటేడు ప్రభుత్వం సరస్సుని ఆక్రమించారంటూ కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టించినప్పుడు ఆయన చెరువూ పోయింది. ఆకివీడు స్టేషన్లో కనిపిస్తే పలకరించాను. ఆయన ఒక కన్ను మూసి నన్ను చూశారు.

"నిజం చెప్పమ్మా. ఆ సీసా ఎవరికి చూపించావు?"