పావురాల పాలు, సాంబయ్య బాబాయి కాఫీ

గురజాలలో మా చిన్నప్పుడు... ఒక సాయంత్రం మా షమీమక్క మేం పెంచుకునే పావురాల గూట్లో చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది. ఇంకా కళ్లు తెరవని పిల్లలు రెండూ ఉన్నాయి. తల్లీ లేదు, తండ్రీ లేదు.

వాటి ఈకలు పక్కింటి పెంటదిబ్బ మీద కనబడ్డాయి. ఆ ఇల్లు సాంబయ్య బాబాయిది. మిద్దె మీద ఆరబోసిన జొన్నలు తింటున్నాయని వల వేసి పట్టి, కూర వండించుకున్నాడట. మా నాన్న వెళ్లి అడిగితే, పావురాలకి కూడా పంచాయితీ ఏందని నవ్వి పంపించాడు. మాది సైకిల్ రిపేరు షాపు... ఆయనేమో పెద్ద రైతు. నాన్న తిరిగి షాపుకి వెళ్లిపోయాడు.

అక్క గేదెపాలు గోరువెచ్చగా కాచి, దూదివత్తితో పిల్లల నోట్లో పిండింది. మా నానమ్మ వద్దంది. పావురాలు తల్లీ తండ్రీ ఇద్దరూ తమ గొంతులోంచే పాలలాంటిది తీసి పిల్లలకి పెడతాయట... మన పాలు వాటికి పడవంది. తెల్లారేసరికి రెండూ చల్లబడిపోయాయి.

జామచెట్టు కింద పాతిపెట్టాం. అక్క ఏడవలేదు. పిల్లలకి పాలు లేకుండా చేసినవాడికి పాలు లేకుండా చేస్తానంది, అంతే.

కొన్నాళ్లు ఓపిక పట్టింది. బాబాయి ఇంటికి పార్టీ పెద్దలు వచ్చే రోజు... తెల్లవారకముందే నన్ను గోడ దగ్గర కాపలా పెట్టి, ఆయన పశువుల కొట్టంలోకి దూరి, అప్పుడు పాలిస్తున్న ఒకే ఒక్క గేదె దూడ పలుపు విప్పేసింది. దూడ కడుపారా తాగింది. చూస్తుంటే నాకు చానా హాయిగా అనిపించింది.

పాలు పితకడానికి కూర్చుంటే గేదె పొదుగు ఖాళీ. పెద్దలు వచ్చి కూర్చున్నారు. కాఫీకి చుక్క పాలు లేవు. వీధిలో అప్పటికప్పుడు ఎక్కడా దొరకలేదు. చివరికి బాబాయే చెంబు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, కాసిని పాలు ఉంటే పొయ్యమన్నాడు.

అక్క ఆయన కళ్లల్లోకి చూస్తూ నెమ్మదిగా అంది. "మా ఇంట్లో పాలిచ్చేవి రెండే ఉండేయి బాబాయ్... నువ్వు కూరొండుకున్నావుగా."

ఆయన ముఖం మాడిపోయింది. ఖాళీ చెంబుతో వెనక్కి తిరిగాడు. పెద్దలు ఉత్త డికాషన్ తాగి వెళ్లారని ఊరంతా నవ్వుకున్నారు. సంగతి తెలిసి అమ్మ అక్కని చీపురు తిరగేసి బాదింది. దెబ్బలు తింటూ కూడా అక్క నవ్వుతూనే ఉంది...

ఇన్నేళ్లయినా ఆయన మీద నాకు జాలి రాలేదు. రాదు కూడా.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ ఆయన పేరేమిటో కూడా నాకు తెలియదు. కక్ష పెట్టుకోవడానికైనా మనిషి కాస్త దగ్గరివాడై ఉండాలి కదా... చిన్నప్పుడు మీరు ఎవరి మీద, ఎలా కసి తీర్చుకున్నారో దాచకుండా రాయండి. నేనేం తప్పు పట్టను.