నాలుగు వేళ్ళ తేడా

లేతు మిషను మేస్త్రీని బజారంతా 'నిదానం' అనే పిలుస్తుంది. సొంత పేరు అతని భార్యకైనా గుర్తుందో లేదో. ఒక మర బిగించడానికి అరపూట తీసుకునే మనిషి మరి. అలాంటివాడి నెత్తిన బావమరిది, భార్యకి అన్నగారు, ఒక పాత తుపాకి తెచ్చి పెట్టాడు. మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించే రకం. వాళ్ళ అటక మీద ఎన్నాళ్ళనుంచో తుప్పు పడుతూ ఉంది.

"మా ముత్తాతకి ఎవరో దొర బహుమతిగా ఇచ్చింది బావా. కొత్తింట్లో ముందు గదిలో పెడతాను. చూసినవాడు నోరు వెళ్ళబెట్టాలి."

నిదానం తన షెడ్డులో తుపాకి కర్ర నుంచి గొట్టం విడదీసి, అడుగున తుప్పు తుడిచి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. గొట్టం మీద ఒక కంపెనీ ముద్ర, మీట నొక్కితే కొట్టే సుత్తి దగ్గర ఇంకో కంపెనీ ముద్ర. కర్రేమో పాత తలుపు చెక్కలోంచి కోసింది.

"రెండు తుపాకులూ ఒక తలుపూ చచ్చి ఇదొకటి పుట్టింది బావా. ఏ దొర కన్నదో చెప్పడం నా వల్ల కాదు."

బావమరిది ముఖం మాడిపోయింది. "సర్లే, గొట్టం వెనక మూసిన బిరడా విప్పి శుభ్రం చెయ్యి చాలు."

బిరడా తుప్పుతో కరుచుకుపోయి ఉంది. మంట పెడితే వదులుతుందని బావమరిది గ్యాస్ బర్నరు తనే అందుకుని వెలిగించాడు. అప్పుడు నిదానం సన్నకడ్డీ ఒకటి మూతిలోకి దింపాడు. అది ఆగినచోట మూతి దగ్గర వేలితో పట్టుకుని, బయటికి లాగి గొట్టం పక్కన పరిచాడు. కడ్డీ కొస బిరడాదాకా రాలేదు. నాలుగు వేళ్ళ తేడా.

"ముందు మంట ఆర్పు బావా. లోపల ఏదో ఉంది."

"తుప్పై ఉంటుందిలే. చిన్నప్పుడు మేం దీంతోనే ఆడుకున్నాం. ఖాళీది కాకపోతే ఇన్నాళ్ళూ ఊరుకుంటుందా?"

"ఆర్పమన్నాను."

నిదానం గొంతు అంత గట్టిగా ఉంటుందని బావమరిదికి అప్పుడే తెలిసింది. మంట ఆరింది. టీ గ్లాసులతో లోపలికి వస్తున్న భార్యని గుమ్మం దగ్గరే ఆపి, గొట్టం మూతిని ఇసుక బస్తాల వైపు తిప్పి బల్లకున్న వైసులో బిగించాడు. మూతిలోంచి నూనె పోసి నానబెట్టాడు. గంటలు గడిచాయి. ముగ్గురూ గుమ్మం బయటే కూర్చున్నారు.

నానాక, కడ్డీ కొసకి మరమేకు అతికించి, పక్కకి ఒరిగి నిలబడి లోపలికి తిప్పాడు. మేకు మెత్తటి సీసంలో దిగబడింది. భయం వేసింది. అతను దాచుకోలేదు కూడా. నుదుటి చెమట తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగాడు. లాగాడు. రాలేదు. ఇంకొంచెం లాగాడు. గుడ్డపీలిక చుట్టిన గుండు కిర్రుమంటూ బయటపడింది. దాని వెనక నల్లటి మందు. నూనె సగం దూరమే దిగింది, మిగతాది పొడిపొడిగా ఉంది.

చిటికెడు మందు వాకిట్లో రాతిమీద వేసి, పొడుగాటి పుల్లతో అంటించాడు. భగ్గుమంది.

బావమరిది గోడకి చేరగిలబడ్డాడు. "మరి చిన్నప్పుడెందుకు పేలలేదు?"

నిదానం సుత్తి కొట్టేచోట ఉన్న చిన్న రంధ్రంలో సూది పెట్టి గోకాడు. ఎండిన మట్టి రాలింది. ఏనాటిదో కందిరీగ గూడు కట్టి, నిప్పు లోపలికి వెళ్ళే దారి మూసేసింది.

"ఆ సుత్తి కింద బొమ్మ తుపాకి బిళ్ళలు పెట్టి కొట్టేవాళ్ళం బావా. టప్‌మని మోగేది." బావమరిది చెల్లెలి వైపు చూడలేకపోయాడు. "చెల్లిని గోడకి నిలబెట్టి, గురిపెట్టి, ఒకటి రెండుసార్లు..."

"ఒకటి రెండుసార్లు కాదన్నయ్యా," అంది ఆమె మెల్లిగా. "సెలవులన్నీ."

అన్నగారు తలపట్టుకుని ఏడ్చాడు. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది. తుపాకి అక్కడే ఉండిపోయింది, ఇవ్వమని అతను అడగలేదు, తీసుకెళ్ళమని వీళ్ళూ అనలేదు.

ఆ సాయంత్రమంతా భార్య ఏ పనికి లేచినా నిదానం "ఎక్కడికి?" అని అడుగుతూనే ఉన్నాడు. వంటింట్లోకే అని ఆమె చెబుతూనే ఉంది.