హానికరం కావచ్చు

మర్రిగూడ పక్కన మా ఊళ్లో ఏ బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూపించే యాప్ ఒకటుంది. మా బడి సైన్స్ సారు చేశారు. జనాన్ని భయపెడుతోందని సర్కారు నుంచి ఎవరో ఉత్తరం రాశారట, పోయిన వారం యాప్ స్టోర్ దాన్ని తీసేసింది. సారు ఊరుకోకుండా ఆ ఫైలునే అందరికీ వాట్సాప్‌లో పంపారు.

ఈ సాయంత్రం దాన్ని మా పెద్దమ్మ ఫోన్లో ఎక్కిస్తుంటే ఎర్రటి హెచ్చరిక వచ్చింది. పెద్దమ్మ ఆ బోరింగు నీళ్లకు వంకరపోయిన కాళ్లు చాపుకుని కూర్చుని, కూడబలుక్కుని చదివింది: “ఈ యాప్ మీకు హానికరం కావచ్చు. అయినా ఇన్‌స్టాల్ చేయాలా?”

“ఏం చేద్దాం పెద్దమ్మా?” అన్నాను.

“గీ ఫోను మంచిదే బిడ్డా. ముందుగాల్నే చెప్పి, ఒప్పుకుంటవా అని అడుగుతాంది. మన బోరింగు నలభై ఏండ్ల సంది ఒక్కపారన్న అడగలే.”

“అవును” మీద తనే నొక్కింది. యాప్ తెరుచుకుంది. మా వాకిట్లోని బోరింగు ఎర్ర చుక్కై కనిపించింది.

రెండు గంటలైంది. యాప్ వల్ల పెద్దమ్మకు ఇంతవరకూ ఏ హానీ జరగలేదు. మీలో ఎవరికైనా జరిగుంటే కింద కామెంట్లో రాయండి, సారుకు చెబుతాను.