అమ్మవారు బందరు తీసుకెళ్ళమన్న సాయంత్రం

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదండి. తెల్లారకముందే చేపల గంప నెత్తిన పెట్టుకుని కరకట్ట మీద ఒంటరిగా నడిచిన మనిషిని. ఎవరికైనా పూనకం వచ్చినా, ఇంట్లో తన మాట నెగ్గించుకోవడానికి వేస్తున్న వేషమే అనుకునేదాన్ని. పైకి దణ్ణం పెట్టేదాన్ని, లోపల నవ్వుకునేదాన్ని. ఇప్పుడు అదే మాట ఊళ్ళో నన్ను అంటున్నారు.

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఇలా రాయడం ఇదే మొదలు. ముందుది వెనక, వెనకది ముందు అయితే ఏమీ అనుకోకండి.

మాది దివిసీమలో నాగాయలంక దాటాక సముద్రం వైపున్న ఊరు. మా ఆయన బోటు మీద వేటకి వెళ్తారు. నేను చేపలు ఎండబెట్టి అమ్ముతాను. మా అత్తయ్య మాతోనే ఉంటారు. ఇది మొన్న ఎండాకాలం జరిగింది. వేట ఆపేసే రోజులు కాబట్టి మా ఆయన ఇంట్లోనే ఉన్నారు.

ముందు ఆయనకి జ్వరం వచ్చింది. మర్నాడు వీపు మీద నీటి పొక్కులు కనిపించాయి. అత్తయ్య చొక్కా ఎత్తి చూసి, చెంపలు వేసుకుని, అమ్మవారు పోసిందన్నారు. చికెన్ పాక్స్ అంటారే, అదే. మేము ఆటలమ్మ అంటాం.

ఇక ఆ పూట నుంచి ఇల్లు ఇల్లులా లేదు. గుమ్మానికి వేపమండ కట్టాం. కూరల్లో తాలింపు ఆపేశాం. నీచు వాసన తగలకూడదని నా ఎండు చేపలన్నీ పక్కింటి నాంచారమ్మ పిన్ని వసారాలోకి మోసుకెళ్ళి పెట్టాను. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. అమ్మవారు పోసిన మనిషి మనిషి కాదు, అమ్మవారే. పొద్దునా సాయంత్రం అత్తయ్య పసుపు నీళ్ళు చల్లి, కొడుక్కి దణ్ణం పెట్టి, ఏం కావాలి తల్లీ అని అడిగేవారు. ఏది అడిగితే అది తెచ్చివ్వాలి. కాదనకూడదు.

మొదట్లో మా ఆయనకి అది సరదాగా ఉండేది. తాటి ముంజెలు అడిగితే అత్తయ్య ఎండలో వెళ్ళి తెచ్చారు. ఇంకోసారి కోడి పులుసు అడిగారు.

"అది అమ్మ మాట కాదురా, నీ నాలిక మాట. అమ్మ అడిగితే నాకు తెలీదా?" అన్నారు అత్తయ్య.

నేను కూడా నవ్వాను. ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

పొక్కులు మొహం నిండా వచ్చాయి. నోట్లో కూడా వచ్చాయి. తర్వాత పొడి దగ్గు పట్టుకుంది. మా ఊళ్ళో సూది వేసే డాక్టరు దగ్గరికి వెళ్తే, అమ్మవారు పోసిన ఒంటికి సూది ముట్టించనమ్మా అన్నాడు. సబ్ సెంటర్ నర్సమ్మ తనంతట తనే మా గుమ్మం దాకా వచ్చింది. వేపమండ దాటి లోపలికి రావద్దని అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టారు. ఆ అమ్మాయి గొడవ పడలేదు. వెళ్తూ నా పక్కకొచ్చి, పిల్లలకి వచ్చినట్టు కాదక్కా, పెద్దవాళ్ళకి ఇది ఒక్కోసారి లోపలికి పోతుంది, ఆయాసం వస్తే ఆగొద్దు, బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపోండి అని చెప్పింది.

ఆయాసం వచ్చింది. పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చున్నారు. రొప్పుతున్నారు. పెదాలు నల్లబడుతున్నాయి. బందరు తీసుకెళ్దామని అత్తయ్య కాళ్ళు పట్టుకున్నాను. అమ్మని ఇంట్లోంచి గెంటితే పగబడుతుందని ఆవిడ కదల్లేదు. ఆవిడ చెడ్డది కాదండి. కొడుకు కోసం పచ్చి మంచినీళ్ళు కూడా మానేసి కూర్చున్న మనిషి. ఆవిడకి తెలిసిన కాపాడటం అదే.

నేను చెప్పలేనిది ఇక్కడే ఉంది. ఆ మధ్యాహ్నం నాకొక ఆలోచన వచ్చింది. అమ్మవారు అడిగితే కాదనరు కదా. మరి అమ్మవారే ఆసుపత్రి అడిగితే? మా ఆయన మాట్లాడే స్థితిలో లేరు. పూనకం వచ్చినట్టు ఊగుతూ నేనే ఆ మాట అనాలనుకున్నాను. అనాల్సిన మాటలు కూడా మనసులో వరసగా పెట్టుకున్నాను. "ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు. నన్ను బందరు తీసుకెళ్ళండి." ఇవే. ఎన్నిసార్లు అనుకున్నానో. అత్తయ్య సాయంత్రం దణ్ణానికి వచ్చినప్పుడు అనాలనుకున్నాను.

దీపాలు పెట్టే వేళ అయింది. గుమ్మానికున్న వేపమండ ఎండిపోయిందని పచ్చిది కడుతున్నాను. పురికొస ఒక కొన పళ్ళతో కరిచి పట్టుకుని, రెండు చేతులూ పైకెత్తి ముడి వేస్తున్నాను. మా ఆయన లోపల గోడకి ఆనుకుని ఉన్నారు, కళ్ళు మూసి ఉన్నాయి. అత్తయ్య ఆయన ఎదురుగా పసుపు నీళ్ళ చెంబుతో కూర్చున్నారు. నాంచారమ్మ పిన్ని అరుగు మీద ఉంది. ఇంకెవరూ లేరు.

అత్తయ్య ఏం కావాలి తల్లీ అని అడిగారు. ముడి అయ్యాక మొదలుపెడదామని నేను అనుకుంటున్నాను.

"ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు. నన్ను బందరు తీసుకెళ్ళండి."

ఆడ గొంతు. గట్టిగా లేదు, అరుపు కాదు. పక్కన కూర్చున్న మనిషి మామూలుగా చెప్పినట్టుంది. నాకు ఇంటి లోపలి నుంచి వినిపించింది. ఒక్క ముక్క తేడా లేకుండా నేను మనసులో అనుకున్న మాటలే.

అత్తయ్య చెంబు కింద పెట్టేశారు. ఇంకేమీ అడగలేదు. చెప్పులేసుకుని ఆటో కోసం ఆవిడే వీధిలోకి వెళ్ళారు.

అవనిగడ్డ దాటి చల్లపల్లి మీదుగా బందరు వెళ్ళాం. దారంతా ఆయన తల నా భుజం మీదే ఉంది. చల్లపల్లి దగ్గర నోట్లో ఏదో గరుగ్గా తగిలింది. తీసి చూస్తే పురికొస. ముడి వేస్తూ తెంచుకుని వచ్చేశానేమో, ఆ కొన అప్పటిదాకా నా పళ్ళ మధ్యే ఉంది.

ఆసుపత్రిలో ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీసి, పైన పోసినట్టే లోపల ఊపిరితిత్తుల్లో కూడా పోసిందమ్మా, సమయానికి తెచ్చారు అన్నారు డాక్టరమ్మ. ఆక్సిజన్ పెట్టారు, మందులు ఎక్కించారు. అత్తయ్య తలగడ కింద నాలుగు వేపాకులు పెడితే నర్సు చూసి కూడా ఊరుకుంది. మా ఆయన బతికారు. ఇప్పుడు మళ్ళీ వేటకి వెళ్తున్నారు. మొహం మీద మచ్చలు మాత్రం ఉన్నాయి.

ఇంటికొచ్చాక అమ్మవారిని సాగనంపే రోజు పెట్టుకున్నాం. చలిమిడి, పెరుగన్నం చేసి వీధిలో ఆడవాళ్ళని పిలిచాం. అప్పటికే ఊరంతా పాకిపోయింది. గొంతు గుమ్మం దగ్గర్నుంచి వచ్చిందని, అది నాదేనని నాంచారమ్మ పిన్ని చెప్పిందట. పసుపు రాయించుకుంటూ ఒకావిడ, "మా ఆయన తాగుడు ఎప్పుడు మానతాడో చెప్పు తల్లీ" అని నాకు దణ్ణం పెట్టింది. అందరూ నవ్వారు.

"తప్పేముందే, మొగుణ్ణి బతికించుకున్నావు. కానీ అమ్మ పేరు వాడుకోకూడదు. కాదంటావా, ఇదిగో, కర్పూరం ఆర్పి చెప్పు" అంది పిన్ని.

వెలుగుతున్న కర్పూరం మీద అరచెయ్యి పెట్టి ఆర్పితే ప్రమాణం చేసినట్టు. నేను అనలేదు. నా నోట్లో పురికొస ఉంది. చెయ్యి ఎత్తాను కూడా. కానీ ఆ మాటలు నావే కదా. పొద్దు గుంకేదాకా వాటిని మనసులో పెట్టుకుని కూర్చున్నది నేనే కదా. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మొహం కాలిపోయినట్టయింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు, అది ఇంకా ఘోరం.

అత్తయ్య పళ్ళెం తన వైపు లాక్కుని, అరచెయ్యి బోర్లించి కర్పూరం ఆర్పేశారు.

"నా ఇంట్లో అమ్మ మాట్లాడింది. ఇక తినండి" అన్నారు.

ఆవిడ అరచేతిలో బొబ్బ లేచింది. వెన్న రాస్తున్నప్పుడు అడుగుదామని నోటిదాకా వచ్చింది, మీకు ఎవరి గొంతు వినిపించిందీ అని. అడగలేకపోయాను. నమ్మి ఆర్పారో, నా పరువు కోసం ఆర్పారో ఇప్పటికీ తెలీదు. మా ఆయన్ని మాత్రం ఒకసారి అడిగాను. తనకేదీ సరిగ్గా గుర్తు లేదట. నీ గొంతు విన్నట్టే ఉంది అన్నారు.

నాంచారమ్మ పిన్ని వసారాలోంచి నా ఎండు చేపలు తెచ్చేసుకున్నాను. ఇప్పుడు ఎదురుపడినా తల వంచుకునే వెళ్తాను. ఆ పురికొస ముక్క పసుపు డబ్బాలో దాచాను. పళ్ళు పడిన చోట ఇంకా నొక్కు ఉంది. తీసి చూసుకున్నప్పుడల్లా నేను అనలేదు అనుకుంటాను. మూత పెట్టగానే ఆ నమ్మకం పోతుంది.