బీరువాలో దాచిన కాఫీ పొడి

మా ఆయన పోయాక మా ఇంట్లో కాఫీ ఒక్క గ్లాసుకు దిగింది. పాలు కాచే గిన్నె కూడా మార్చి చిన్నది పెట్టుకున్నాను. నంద్యాలలో మాకు చుట్టపక్కాలకేం కొదవ లేదు, బజారుకు వెళితే పలకరించని అంగడి లేదు. అయినా సాయంత్రం కాఫీ వేళైతే చాలు, ఇల్లు మీదపడి మింగేస్తున్నట్టు ఉంటుంది.

ఆ వేళకు నాకు తోడు కూర్చోవాల్సిన మనిషి మా వదిన, ఆయన అక్క. ఆళ్ళగడ్డ కోడలై వెళ్ళినా నెలకోసారన్నా బస్సెక్కి వచ్చేది. వాకిట్లో చెప్పులు విడుస్తూనే, "చికోరి ఎక్కువేసినావు మే!" అని కేకేసేది. కాఫీ పొడిలో కలిపే ఆ వేరు పొడి వాసన వాకిట్లోనే పట్టేసేది. అబ్బ, ఏం ముక్కో తల్లీ అది! వంక పెడుతూనే రెండో గ్లాసు కూడా ఊదుకుంటూ తాగేది. తమ్ముడి కర్మకాండ అయిన రోజు వెళ్ళింది, అంతే, మళ్ళీ మా గడప తొక్కలేదు. ఫోను చేస్తే మాత్రం "వచ్చే ఆదివారం వస్తా మే" అనేది.

అట్లాంటి ఒక ఆదివారం ముందు కాఫీ పొడికని బజారుకు వెళ్ళాను. మామూలుగా కొనే అంగడి మూసి ఉంది. ఎదురుగా కొత్తగా పెట్టిన అంగట్లోకి వెళితే అంగడాయన నల్ల ప్యాకెట్ ఒకటి ముందు పెట్టాడు.

"సింగిల్ ఆరిజిన్ అమ్మా. కొండ మీద ఒకే తోటలో పండిన గింజలు. చికోరి గికోరి ఏం కలపలేదు. పాలు, చక్కెర లేకుండా తాగాల."

"అట్ల తాగేకి నాకేమన్నా జరమొచ్చిందా అప్పా?" అన్నాను.

ధర రెండుసార్లు చెప్పించుకున్నాను. పావుకిలో పొడికి నా నెల పాల ఖర్చంత! కొండ మీద కాస్తే మాత్రం బంగారం కాస్తుందా అని సణుగుతూనే కొన్నాను. చికోరి రవ్వంత కూడా లేని కాఫీకి వదిన ఏం వంక పెడుతుందో చూడాలని ఒక సరదా. ఇంత ఖరీదైన వస్తువు ఉందంటే ఈసారి రాకపోదులే అని ఆశ. ఫోనులో ఆ మాటే చెప్పాను. "అట్లనా! అయితే వస్తా" అంది.

ఇంటికొచ్చి ప్యాకెట్ మూతి కత్తిరించి ఒక్కసారి వాసన చూశాను. కడుపు నిండిపోయింది. రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టాను. మా ఇళ్ళల్లో అంతే, మంచిదేదైనా వచ్చే మనిషి కోసం ఎత్తిపెట్టాల్సిందే, ముందుగా మనం ముట్టుకోకూడదు. అంగడాయన "తెరిస్తే బేగా వాడుకోండమ్మా" అన్నాడు గానీ, వదిన రాకుండా నేనెట్లా తాగుతాను?

ఆ ఆదివారం ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి. ఆ తర్వాతి ఆదివారం ఇంట్లో చుట్టాలు. ఇంకో ఆదివారం ఏం చెప్పిందో గుర్తు లేదు. ఎండలు పోయి వానలొచ్చాయి. నాకు ఒళ్ళు మండింది. ప్యాకెట్ సంచిలో వేసుకుని నేనే ఆళ్ళగడ్డ బస్సెక్కాను.

"ఏం మే, చెప్పాపెట్టకుండా వచ్చినావు!" అంటూ వదిన చేతులు పట్టుకుంది. మనిషి సగమైపోయింది. వెనక వీధిలో శిల్పాలు చెక్కే ఉలుల చప్పుడు. వాళ్ళ వంటింట్లో నేనే నీళ్ళు కాచి, పాలు కలపకుండా, అంగడాయన చెప్పినట్టే, ఆత్రంలో వాసన కూడా చూసుకోకుండా డికాక్షన్ దించి గ్లాసు చేతికిచ్చాను. పరీక్ష రాసినదానిలా ఆమె మొహమే చూస్తూ నిలబడ్డాను.

ఒక గుక్క తాగింది. మొహం చిట్లించింది.

"ఏంది మే ఇది? బీరువా కడిగిన నీళ్ళ మాదిరుందే!"

నేనూ తాగి చూశాను. నాఫ్తలీన్! చీరలకు పురుగు పట్టకుండా నేనే వేసిన ఉండలు. పొడి ఆ కంపంతా పీల్చేసుకుంది.

"ఇన్ని దుడ్లు పోసి నాకు నాఫ్తలీన్ ఉండలు తాగిస్తాండావా?" అని ఆమె పగలబడి నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. ఆయన పోయాక నేను అంతగా నవ్వింది అప్పుడే. ఆ కాఫీ అంత ధర చేస్తుందా అని ఎవరైనా అడిగితే నేనేం చెప్పను? దాని అసలు రుచి నాకు తెలియనే తెలియదు.

వదిన లేచి పాలు పోసి మామూలు కాఫీ కలిపింది. పక్కపక్కన కూర్చుని తాగాం. ప్రాణం లేచొచ్చింది. ఆ ధైర్యంతోనే అడిగాను.

"మోకాళ్ళంటావు, చుట్టాలంటావు. నిజం చెప్పు వదినా. నామీద కోపమా?"

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"నీమీద నాకేం కోపం మే. మోకాళ్ళూ కాదు, ఏమీ కాదు. నా తమ్ముడు లేని ఇంట్లోకి యాడ అడుగు పెట్టేది? నేను చూడలేను."

ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ముందు నోటికొచ్చింది కోపమే.

"నేను ఆ ఇంట్లోనే ఉండా కదా వదినా. రోజూ చూస్తానే ఉండా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బస్టాండు దాకా నా చేయి వదలకుండా నడిచింది. కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టింది. వచ్చే ఆదివారం వస్తానని మాత్రం ఈసారి అనలేదు.