టైరు గాడిలో గుమ్మడి గింజ

2023 సెప్టెంబరు. గుడియాత్తం నుంచి కే.వి.కుప్పం పోయే రోడ్డులో, ఒక మలుపు దగ్గర నా టూవీలర్ వర్క్‌షాపు. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా అక్కడే స్పానరు పట్టుకుని బతుకుతున్నాను. కింద పడిన బండ్లు చాలా చూశాను. పడినవాడు చెప్పే కథ దాదాపు ఒకటే, కుక్క అడ్డం వచ్చిందని. బండి చెప్పే కథ వేరుగా ఉంటుంది. వెనక బ్రేకు బిగించి జారితే టైరు మీద ఒకే చోట రబ్బరు అరిగి చదునైన మచ్చ పడుతుంది, దాన్ని ఫ్లాట్ స్పాట్ అంటాం. ఎదుటివాణ్ని గుద్దితే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు లోపలికి వంగుతాయి. అందుకే పడిన బండిని బాగా చూడకుండా కడగకూడదని నా పట్టుదల. ఆ పట్టుదలే ఒకసారి నా మెడకు చుట్టుకుంది.

ఆ గురువారం అమావాస్య. మా వైపు అమావాస్య సాయంత్రం బూడిద గుమ్మడికాయకు, మా మాటలో పూశనికాయకు, కుంకుమ పూసి, కర్పూరం వెలిగించి, అంగడికి దిష్టి తీసి నడిరోడ్డు మీద కొడతారు. కొట్టాక వెనక్కి తిరిగి చూడకూడదంటారు. నేనూ అలాగే కొట్టి, తిరిగి చూడకుండా షట్టరు దించి ఇంటికి పోయాను. ముక్కలు ఓరకు నెట్టాలన్న ఆలోచన అన్నేళ్లలో నాకు ఒక్కసారీ రాలేదు.

మరునాడు పొద్దున ఆరున్నరకు, సన్నగా తుంపర పడుతుండగా మునిరత్నం అక్కడ పడ్డాడు. నలభైకి దగ్గర పడినవాడు, కే.వి.కుప్పం దగ్గర ఒక ప్రైవేటు బడిలో వ్యాను డ్రైవరు. డ్యూటీకి బైకు మీద పోతున్నాడు. మలుపులో బండి పక్కకు ఒరిగి, ఎదురుగా వస్తున్న టౌన్ బస్సు ముందుకు జారింది. బస్సు డ్రైవరు బ్రేకు తొక్కిపట్టాడు. బైకు ముందు చక్రం బస్సు టైరు కింద నలిగిపోయింది. మునిరత్నం తలకూ ఆ టైరుకూ మధ్య జానెడు ఎడం మిగిలింది.

నేను తొమ్మిదికి వచ్చేసరికి వాన గట్టిగా కురిసి వెలిసింది. ఎదురుగా పిండిమిషన్ నడిపే ఏకాంబరం జరిగిందంతా చెప్పాడు. "అంబులెన్సులో వేలూరికి తీసకపోయినారప్పా. ప్రాణానికి భయం లేదంట. వాన పెద్దది కాకముందే బండి నీ అంగడి పక్క షెడ్డులో పెట్టినాం" అన్నాడు. అంతటితో ఊరుకోకుండా, "మునుపు బాగా తాగుతా ఉన్నోడు కదా, మళ్లా మొదలు పెట్టినాడేమో" అని ఇంకో మాట కలిపాడు. బస్సు కింద మనిషి ఉంటే అందరి కళ్లూ మనిషి మీదే ఉంటాయి. అమావాస్య మరునాడు రోడ్డు మీద గుమ్మడి ముక్కలు ఎవరికీ వింత కాదు.

బండి పక్కన గొంతుకూర్చున్నాను. వెనక టైరు మీద ఫ్లాట్ స్పాట్ లేదు. అంటే బ్రేకు పట్టేలోపే చక్రం జారింది. ట్రెడ్, అంటే రోడ్డును పట్టుకునే గాళ్లు, బాగా లోతుగానే ఉన్నాయి. రెండు నెలల కిందట ఆ టైరు వేసింది నేనే. ఆ గాళ్లలో తెల్లటి గుజ్జు కూరుకుని ఉంది, అక్కడక్కడ కుంకుమ ఎరుపు, మధ్యలో ఒక గింజ. బయటికి వచ్చి రోడ్డు చూశాను. ఫుట్‌రెస్టు తారును గీరిన గీత నా షట్టరుకు ఎదురుగా మొదలై, బస్సు ఆగిన చోటిదాకా పోయింది. వాన గుజ్జును కడిగేసింది కానీ గీతను ఏమీ చేయలేకపోయింది. మా వరుసలో ముందు రోజు మరో రెండు కాయలు పగిలాయి, కానీ అవి దూరంగా. నాకు నేను ఎన్ని చెప్పుకున్నా ఆ కాయ నాదే.

ఆ రోజంతా ఎవరికీ చెప్పలేదు. సిగ్గు విడిచి రాస్తున్నాను, మధ్యాహ్నం వాటర్ సర్వీసు పైపు చేతిలోకి తీసుకున్నాను కూడా. రెండు నిమిషాల పని. ఆ గింజ పోతే అంతా పోతుంది. మోటారు వేశాను, మళ్లీ ఆపాను. మంచితనంతో ఆపానని చెప్పుకోలేను. భయం వేసింది, అంతే.

శనివారం మునిరత్నం తన భార్య కామాక్షిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎడమ చేతికి కట్టు. అంత పెద్ద గండం గడిచినవాడి ముఖంలో కళ లేదు.

"ఎట్లుండావప్పా?" అన్నాను.

"ఉండానన్నా. స్కాన్ తీసినారు, తలకాయలో ఏమీ లేదన్నారు. వ్యాను తాళం మాత్రం పెరుక్కున్నారు. తాగుబోతు చేతిలో పిల్లోళ్లను పెట్టలేనన్నాడు కరస్పాండెంట్ సారు."

బడి నడిపే పెద్దను ఇక్కడ కరస్పాండెంట్ అంటారు.

"తాగలేదని ఆస్పత్రిలో రాసియ్యలేదా?"

"వాసన లేదనే రాసినారు. ముందురోజు తాగి, ఆ మత్తు దిగకుండా బండెక్కినావంటాడు సారు."

కామాక్షి నా వైపు తిరిగింది. "నాలుగేండ్లుగా ఈయన ముట్టలేదన్నా. నాకు తెలుసు. అయినా తెల్లారినాక, ఖాళీ రోడ్డులో, బండి ఊరికే యాడన్నా పడతాదా? బిడ్డ తలమీద చెయ్యి పెట్టి ఒట్టేసినాడు. అప్పటికీ నా మనసు నిలవలేదు."

"తడి రోడ్డమ్మా, జారుంటాది" అన్నాను.

"తడి రోడ్డులో పదేండ్లుగా పోతా ఉండాడు కదన్నా."

మునిరత్నం తల వంచుకునే మాట్లాడాడు. "నాకే అనుమానంగా ఉండాదన్నా. నిద్దరపోయినానేమో, కండ్లు తిరిగినాయేమో. వ్యానులో పిల్లోళ్లు ఉండంగా ఇట్లయింటే? సారు చెప్పిందే సరేమో. నేనింక బండి తోలకూడదేమో."

ఊరు అతన్ని తాగుబోతు అనడం ఒకటి, తన చేతుల మీద తనకే నమ్మకం పోవడం ఇంకొకటి. ఆ నమ్మకం నా వల్ల పోయింది.

"ఇట్లా రా నాయనా" అని బండి దగ్గరికి పిలిచి, టైరు తిప్పి గింజ చూపించాను. "ఇది నా పూశనికాయ. అమావాస్యకు నేనే కొట్టినా. ముక్కలు తియ్యలేదు. నువ్వు తాగనూ లేదు, నిద్దరా పోలేదు. బ్రేకు మీద కాలు పెట్టే సందు కూడా నీకు దొరకలేదు. తప్పు నాది."

కామాక్షి వంగి ఆ గింజను చాలాసేపు చూసింది. తర్వాత భర్త చేతికట్టు మీద చెయ్యి వేసి, "నిన్ను నమ్మకపోతినే" అని ఏడ్చింది. ఇద్దరూ నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

వెనక చక్రం విప్పాను. శనివారం కూడా బడి ఉంది. మునిరత్నాన్ని నా బండి వెనక కూర్చోబెట్టుకుని, చక్రం అతని ఒళ్లో పెట్టి తీసుకుపోయాను. కరస్పాండెంట్ గారితో మాటలన్నీ అరవంలోనే సాగాయి. నేను చెప్పింది విని, కళ్లద్దాలు సవరించుకుని గాడిలోకి చూశారు.

"నువ్వు ఇతనికి చుట్టమా?"

"కాదు సార్."

"మరి తప్పు నీ మీద ఎందుకు వేసుకుంటున్నావు?"

"అది నా మీదే ఉంది సార్. కొత్తగా వేసుకునేది ఏమీ లేదు."

ఆయన డ్రాయరులోంచి వ్యాను తాళం తీసి మునిరత్నం ముందు పెట్టారు. "చెయ్యి మానాక రా" అన్నారు. తర్వాత నా వైపు చూశారు. "బస్సు ఇంకో జానెడు ముందుకు వచ్చి ఉంటే ఈ చక్రం తీసుకుని ఎవరి దగ్గరికి పోయేవాడివి?"

చక్రం చేతిలోకి తీసుకుని బయటికి వచ్చాను.

బైకు బాగు చేసి ఇచ్చాను. ఆ తర్వాత మునిరత్నం నా అంగడి గడప తొక్కలేదు. సర్వీసుకు బజారులో ఇంకొకరి దగ్గరికి పోతున్నాడని విన్నాను. రోజూ పొద్దున అతని వ్యాను నా ముందు నుంచే పోతుంది. పిల్లలు కిటికీల్లోంచి చేతులు ఊపుతారు, అతను తల తిప్పడు. మొదట్లో నొచ్చుకున్నాను. నిజం చెప్పాను కదా, క్షమిస్తాడులే అని లోలోపల ఎక్కడో ఆశ పెట్టుకున్నాను కాబోలు.

తప్పు ఒప్పుకుంటే మనసు తేలిక పడుతుందని అందరూ అంటారు. నాది పడలేదు. పడాలని అడిగే హక్కు కూడా నాకు లేదని తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆ రోజు బరువు దిగవలసింది అతనికి, దిగింది. ముప్పై మంది పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని, చెయ్యి వణక్కుండా మలుపు తిప్పుకుని పోతున్నాడు.