పెద్దమ్మ ముక్కు, మన్యం కాఫీ

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. పొద్దున మా పెరట్లో నన్ను కుట్టిన చీమ, నేను జిన్నింగు మిల్లుకి వెళ్ళేసరికి తేలవుతుంది. మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళకి తాచుపామవుతుంది. సాయంత్రానికి నేనే దాన్ని తోక పట్టి గిరగిరా తిప్పి పత్తి బేళ్ళ మీదుగా అవతలికి విసిరేసి ఉంటాను. మా ఆవిడ నా మాటల్లో ముప్పాతిక కొట్టేసి, మిగిలిన పాతికని పక్కింట్లో అడిగి నిర్ధారించుకుంటుంది. మీరూ ఆ పద్ధతే పాటించండి.

తొంభైల చివర్లో మేం పెదకాకాని దగ్గర, రైలుకట్ట పక్కన ఓ పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. గుంటూరు నుంచి బెజవాడ వెళ్ళే ప్యాసింజరు పొద్దున్నే మా ఇంటి వెనక కాసేపు ఆగేది. సిగ్నలు కోసమని రైల్వేవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. వాళ్ళకేం, ఏదో ఒకటి చెప్పాలి కదా. అది మా పెద్దమ్మ కాఫీ గింజలు వేయించే వేళ. పెట్టెలన్నిటి కిటికీల్లోంచీ ముక్కులు బయటికొచ్చేవి. పచ్చజెండా ఊపినా ఇంజను ముందుకి కదిలేది కాదు, మా పెరటివైపు ఒరిగేది.

పెద్దమ్మంటే మా అమ్మకి అక్క. పెదనాన్న చిన్న వయసులోనే పోయాడు, పిల్లల్లేరు. మా అమ్మ పోయాక మా ఇంటికొచ్చి ఉండిపోయింది. వస్తూ తెచ్చుకున్నవి ఓ ట్రంకుపెట్టె, గింజలు పొడి చేసుకోవడానికి బల్ల అంచుకి బిగించే తిప్పుడు మిల్లు, ఇత్తడి ఫిల్టరు. ఫిల్టరంటే మీరు అనుకునే గ్లాసంత వస్తువు కాదు, రెండంతస్తుల మేడ. పై అంతస్తు అడుగున సూదిమొనంత చిల్లులు, లోపల పొడిని అదిమిపెట్టే గొడుగు బిళ్ళ. ఒకసారి అది చేయి జారి గచ్చు మీద పడితే, ట్రాన్స్‌ఫార్మరు పేలిందని వీధివీధంతా కరెంటాఫీసు మీదికి వెళ్ళింది.

ఇంట్లో కాఫీకి ఏ మిషను కొనమంటారని ఇప్పుడు నన్ను అడిగేవాళ్ళున్నారు. ప్లగ్గు పెడితే గుర్రుమని, నురగ కక్కి, ఎర్రలైటుతో కళ్ళురిమే మిషన్లు వాళ్ళ మనసులో ఉంటాయి. నేను ఆ ఇత్తడి మేడ సంగతి చెబుతాను. మర్యాదకి తలూపుతారు. గింజలు ఎక్కడివంటే విశాఖ మన్యానివంటాను. ఇప్పుడైతే గౌరవంగా చూస్తున్నారు గానీ, అప్పట్లో వాటికి పేరూ లేదు, బొమ్మేసిన డబ్బా లేదు. మా మిల్లు బేళ్ళు మోసే లారీ డ్రైవరు అటు వెళ్ళినప్పుడు దాచేపల్లి సిమెంటు సంచి దులిపి అందులో పోసుకొచ్చేవాడు. "ఇవేం గింజలండీ, చింతపిక్కల్లాగా" అనేవాళ్ళు చూసినవాళ్ళంతా. పెద్దమ్మ మాత్రం గుప్పిట్లోకి తీసుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసి, "మొగుళ్ళకి తెలీని పెళ్ళాల్లాగా ఉన్నయ్‌రా ఇవి. వీటి విలువ ఎవడికీ తెలీదు" అనేది.

ఆవిడకి గడియారమూ త్రాసూ అన్నీ ముక్కే. గింజలు వేయిస్తూ మూకుడులోకి చూసేదే కాదు. గోడవైపు తిరిగి కూర్చుని, చేత్తో గరిటె తిప్పుతూ ఉండేది. ముందు పచ్చిగడ్డి వాసన, తర్వాత వేరుశనక్కాయల వాసన, ఆ తర్వాత తడిమట్టి మీద బెల్లప్పాకం ఒలికినట్టు ఒక వాసన వస్తుందట. అది రాగానే దించెయ్యాలి. ఆ మూడోది నా ముక్కుకి ఏనాడూ అందలేదు. ఎవరైనా "కూర్చోండమ్మా, కోడలు చేస్తుందిగా" అంటే, "ఊరికే కూర్చుని తినే మనిషిని కాదు నేను" అని చురుగ్గా జవాబిచ్చేది. ఆ మాట అనాల్సిన అవసరం మేం ఆవిడకి కల్పించిన సందర్భం ఒక్కటీ నాకు గుర్తులేదు. అయినా ఆ మాట ఆవిడలో ఎప్పుడూ ఉండేది.

పక్కిల్లు ఓ సాయిబు గారిది. ఆయన గుంటూరు యార్డులో మిరపకాయల కమీషను కొట్టులో పనిచేసేవాడు. పెద్దమ్మని అక్కా అనేవాడు గనక వరసకి నాకు మామయ్య కావాలి గానీ, వీధిలో అందరిలాగే నేనూ బాబాయనేవాణ్ణి. వాళ్ళింట్లో అల్లం, యాలకులు దంచి వేసి, పాలు ఎర్రబడేదాకా మరిగించే టీ. అది ఇంట్లో తాగి, మూతి తుడుచుకోకుండానే మా వరండాలోకి వచ్చేవాడు.

"ఏమయ్యా తమ్ముడూ, గడ్డి కషాయం అయిందా?"

"అయిందక్కా. ఇప్పుడు నీ మసినీళ్ళు కూడా పోస్తే యార్డుకి పోతా."

"మసినీళ్ళయితే ఎందుకయ్యా తాగడం?"

"నీ మీద జాలిపడి."

ఇది రోజూ జరిగే పూజ. ఇది కాకపోతే ఇద్దరికీ తెల్లవారినట్టు కాదు.

ఒక చలికాలం పెద్దమ్మకి జలుబూ జ్వరమూ కలిసి వచ్చి, చాలా రోజులు మంచాన పడేశాయి. లేచింది, మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చింది. మాకేమీ తేడా తెలియలేదు. ఎండలు మొదలయ్యేసరికి తిప్పుడు మిల్లు పిడి విరిగింది. బాగుచేసేవాడు దొరికేదాకా అని, వేయించిన గింజల్ని ఊళ్ళో పిండిమరకి పంపింది.

మా వైపు ఆ రోజుల్లో పిండిమరకి కాఫీ గింజలు పంపడమంటే తిరనాళ్ళలో పసిపిల్లని వదిలిపెట్టడమే. ఇంటింటా ఏడాదికి సరిపడా కారం ఆడించుకునే కాలం. ఊరు మొత్తం ఒకేసారి తుమ్మితే మా పెంకులు లేచి మళ్ళీ కూర్చునేవి. కారానికి ఒక మర, దాని పక్కనే ధనియాలు, జీలకర్ర, మెంతులు ఆడేందుకు ఇంకో మర. ఒకరి సరుకు అయ్యాక, ఇంకొకరిది పోసేముందు గుప్పెడు బియ్యం వేసి ఆడించి ఆ పిండి పారేస్తారు, మర శుభ్రపడ్డానికి. ఆ రద్దీలో మరవాడు బియ్యం మర్చిపోయి, ధనియాల వెనకే మా కాఫీ గింజలు పోసేశాడు.

పొడి ఇంటికొచ్చింది. పెద్దమ్మ అలవాటు ప్రకారం డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "బాగుంది" అంది. మూత పెట్టేసింది.

మర్నాడు పొద్దున వరండాలో నేనూ, మా ఆవిడా, బాబాయీ తలా ఒక గ్లాసు అందుకున్నాం. ఒక గుక్క తాగాను. జీలకర్ర గుమ్మంలోనే ఎదురొచ్చి పలకరించింది. ధనియాలు లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాయి. మెంతులు చేదుగా సాగనంపాయి. కాఫీ ఎక్కడో వెనకగదిలో ఉన్నట్టుంది, కనపడలేదు. 'పెద్దమ్మా, ఇంగువ పోపు మర్చిపోయావు' అనబోయాను. ఇలాంటి అవకాశం నాలాంటివాడికి జన్మకోసారి వస్తుంది.

ఈలోగా పెద్దమ్మ తన గ్లాసులోంచి తాగి, పెదాలు తడుపుకుని, "ఈసారి గింజలు అదిరినయ్‌రా. వాసన చూడు, ఎట్టా ఉందో" అంది.

బాబాయి చెయ్యి నా మోకాలి మీద పడింది. గట్టిగా నొక్కింది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్ళిపోయింది.

"నిజమేనక్కా. ఇంకొంచెం ఉంటే పొయ్యి" అన్నాడు బాబాయి.

రెండో గ్లాసు కూడా తాగాడు. చుక్క మిగలకుండా.

ఆయన్ని సాగనంపుతూ రైలుకట్ట దాకా నడిచాను. "అక్కకి ముక్కు పోయిందిరా" అన్నాడు.

"జలుబేమో బాబాయ్."

"జలుబు తగ్గి ఎన్నాళ్ళయింది? నోరెత్తావంటే చంపుతా. నీ నోటికి తాళం లేదు, నాకు తెలుసు."

"చెబితే తప్పేంటి? డాక్టరుకి చూపిద్దాం."

"చెప్తే పొయ్యి దగ్గరికి రాదు. పొయ్యి దగ్గరికి రాకపోతే మీ ఇంట్లో నిలబళ్ళేదు."

"మేం ఏమన్నా అన్నామా?"

"మీరు అనక్కర్లేదురా. ఆవిడకి ఆవిడే అనుకుంటది."

ఆ పొడిని మా ఆవిడ పెరట్లో పారబోసి, వేరే పొడి తెచ్చి అదే డబ్బాలో నింపింది. మిల్లు పిడి బాగుచేయించాను. ఇక బాబాయి పొద్దున్నే, పెద్దమ్మ మూకుడు పెట్టే వేళకి వచ్చి, వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేవాడు. ఒకటే గోల.

"ఏందక్కా, ఇంకా గడ్డి కంపే! గొడ్లకి పెడతావా ఏంది?"

"నోర్మూసుకో. నాకు తెలీదా?" అని తిప్పుతూ ఉండేది.

"ఆఁ, ఇప్పుడు శనక్కాయలు. అమ్ముకోవచ్చు సినిమాహాలు ముందు."

"నీ పని చూసుకోవయ్యా!"

"ఇక దించు తల్లీ, మాడ్చి చంపుతావా మమ్మల్ని?"

"నువ్వు చెప్తే దించుతున్నానా? దించబోతన్నా, ఈలోపు నీ నోరొకటి!"

మూడో వాసన ఆయన ముక్కుకీ తెలియదు. అందుకని కాఫీ కొంచెం మారింది, ఒకరోజు లేతగా, ఒకరోజు మాడుగా. ఎవరం ఆ మాట అనలేదు. నేను కూడా అనలేదు. నా జీవితంలో నేను తగ్గించి చెప్పిన సంగతి అదొక్కటే.

మళ్ళీ చలికాలం తిరిగి రంజాను నెల వచ్చింది. బాబాయి రోజా ఉంటున్నాడు, మంచినీళ్ళు కూడా ముట్టడు. అయినా పొద్దున్నే వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"తాగనివాడివి ఎందుకయ్యా ఇక్కడ?" అంది పెద్దమ్మ.

"వాసన తగిలితే రోజా పోదులే అక్కా. నువ్వు వేయించు."

ఆవిడ తిరిగి తిట్టలేదు. గరిటె తిప్పుతూ ఉంది. నేను గమనించిందేమిటంటే, ఆవిడ గోడవైపు తిరగలేదు. మూకుడులోకి, గింజల రంగులోకి, ముఖం వంచి చూస్తోంది.

పండగ వెళ్ళిన కొద్దిరోజులకే అది జరిగింది. గ్యాసు పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వస్తూనే ఉంది. పెద్దమ్మ ఆ పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. కూరగాయలు పట్టుకుని లోపలికొచ్చిన మా ఆవిడ సంచి వదిలేసి, పొయ్యి కట్టేసి, కిటికీలన్నీ తెరిచింది.

"ఏందమ్మాయ్?"

"ఏం లేదత్తయ్య గారూ. పాలు పొంగినయ్."

"గ్యాసు వాసన వస్తందా?"

మా ఆవిడ పాలగిన్నె దించి పక్కన పెట్టింది.

"చెప్పవే. వస్తందా?"

"వస్తందండీ."

"బాగానా?"

మా ఆవిడ నిలబడ్డచోటే ఏడ్చేసింది. నేను మిల్లు నుంచి వచ్చేసరికి ఇద్దరూ వంటింట్లోనే కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ తన దగ్గరున్న చింతపండుతోనే ఫిల్టరు రెండంతస్తులూ తోమి, పొడిగుడ్డతో తుడిచి, మా ఆవిడ గిన్నెలు పెట్టుకునే అరలో పెట్టేసింది.

"అందరికీ తెలుసారా?" అని నన్నడిగింది.

"తెలుసు పెద్దమ్మా."

"ఆ సాయిబుకి కూడానా?"

"బాబాయికే ముందు తెలిసింది."

"పాపం, యార్డుకి ఎన్నిసార్లు ఆలస్యమైందో వాడికి" అంది.

గుంటూరులో డాక్టరుకి చూపించాం. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు.

మర్నాడు పొద్దున ఆవిడే పక్కింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. "తమ్ముడూ, ఆ గడ్డి కషాయం నాక్కూడా కొంచెం పోయించవయ్యా."

"నీకు టీ ఎందుకక్కా?"

"దాని వాసన నాకు ముందూ తెలీదు. పోయిందన్న బాధుండదు."

బాబాయి లోపలికి వెళ్ళి తనే దంచి, తనే మరిగించి తెచ్చాడు. ఆవిడ తాగి, "అల్లం గొంతులో తెలుస్తందయ్యా" అంది, ఆయన్ని ఊరుకోబెట్టడానికన్నట్టు.

బాబాయి భయపడ్డట్టు ఆవిడ మా ఇల్లు వదిలి వెళ్ళిపోలేదు. కానీ వరండాలోకి మారిపోయింది. వంటింట్లోకి రావాలంటే గుమ్మం దగ్గర ఆగి, "అమ్మాయ్, కాసిని మంచినీళ్ళు ముంచుకోనా?" అని అడిగేది. అడగొద్దని మా ఆవిడ బతిమాలింది, కోప్పడింది, కాళ్ళు కూడా పట్టుకుంది. అయినా అడిగేది. అన్నం మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టేది. మా ఇంట్లో అందరికన్నా పెద్దమనిషి, మా ఇంటికి చుట్టంగా వచ్చినట్టు ఇంకొన్నేళ్ళు ఉంది.

ఆవిడ పోయే ముందటి వానాకాలంలో ఒకరోజు మా ఆవిడ గింజలు మూకుట్లో వేసి, పెరట్లో బట్టలు తడుస్తున్నాయని పరిగెత్తింది. నేను వరండాలో పేపరు చదువుతున్నాను. పెద్దమ్మ ఉన్నట్టుండి తలెత్తి, గాలి పీల్చి, "దించవే, దించవే, మాడిపోతన్నయ్!" అని కేకేసింది. నేను పేపరు పారేసి వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. పక్కింట్లోంచి బాబాయి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

ఈ చివరి సంగతి నేను కల్పించాను. మిగతాదంతా పెంచి చెప్పాను గానీ, లేనిది చెప్పలేదు. ఇది లేనిది. చాలామందికి చాలాసార్లు ఇలాగే చెప్పాను. మా ఆవిడ పక్కనే ఉండి కూడా దీన్ని మాత్రం ఎప్పుడూ కొట్టెయ్యలేదు.

వాన నిజం. మూకుడు పొయ్యి మీద మర్చిపోవడమూ నిజం. గింజలు మాడి బొగ్గయ్యాయి. నాకు వాసన తగిలి లేచేలోపు వంటింటి గుమ్మంలోంచి పొగ వరండాలోకి వచ్చేసింది. పెద్దమ్మ దానివైపే చూస్తూ కూర్చుని ఉంది.

"అబ్బాయ్," అంది, నన్ను ఇబ్బంది పెడుతున్నానేమోనన్నట్టు మెల్లగా, "అక్కడేందో పొగ కనపడతంది. కాస్త చూస్తావా?"